బడీ అమ్మకు మధ్యాహ్నపు అన్నం

మా కింది గదిలోకి అద్దెకు వచ్చిన పిల్లలు మంచివాళ్ళే. అతను ఓడల ఆఫీసులో పని చేస్తాడు, ఆ అమ్మాయి చిన్నపిల్లల బడిలో టీచరు. ఇద్దరూ ఈ ద్వీపాల్లోనే పుట్టినవాళ్ళు. తెలుగు గలగలా మాట్లాడతారు గాని చదవమంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. సామాను దించకముందే అతను నా ముందు కాగితాల కట్ట ఒకటి పెట్టి, "అమ్మమ్మా, అగ్రిమెంటు. ఇక్కడ, ఇక్కడ, ఇంకా ఇక్కడ సైన్ చేసెయ్యండి, బస్" అన్నాడు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. బైబిలు చదువుకుంటాను, అంతే. "ముందు అందులో ఏముందో చదివి వినిపించు బాబూ" అన్నాను. పాపం, ఇంగ్లీషులో చూసుకుంటూ సగం హిందీలో, సగం తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. గోడకు మేకు కొట్టాలంటే నన్నడగాలట. నీళ్ళ మోటారు చెడితే ఎవరు బాగు చేయించాలో రాశారట. నేను పొమ్మనాలన్నా, వాళ్ళు పోతామన్నా ముందుగా చెప్పాలట. పదకొండు నెలలు దాటితే మళ్ళీ కొత్త కాగితమట. "పదకొండే ఎందుకు, ఏడాది అని రాసుకుంటే ఏం?" అంటే, "అదంతే అమ్మమ్మా, వకీలు అలాగే రాస్తాడు" అని నవ్వాడు.

సంతకం పెట్టాను. ఆ రోజు నుంచి నాకు కూర్చుంటే కుదురు లేదు. వరండాలోకి వెళ్తాను, మళ్ళీ వంటింట్లోకి వస్తాను, ఎందుకు వచ్చానో గుర్తురాక తోమిన చెంబునే తోముతాను. కోడలు చూసి, "అత్తయ్యా, మీకేమైనా పోయిందా? వెతుకుతున్నారా?" అని అడిగింది. పోయిందేమీ లేదు. నా చిన్నతనంలో ఒక వానాకాలమంతా మా అమ్మ ఇలాగే తిరిగింది, అది గుర్తుకొచ్చి కాళ్ళు నిలవడం లేదు. అప్పటికి మాకు, మా ఇంటికి ఏ కాగితమూ ఉండేది కాదు. ఆ తర్వాత ఒకటి వచ్చింది. వచ్చి, మమ్మల్ని రోడ్డున పడేసేంత పని చేసింది.

మేము పోర్ట్ బ్లెయిర్‌కు ఎదుటి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో ఉండేవాళ్ళం, జెట్టీ నుంచి పైకి ఎక్కే గట్టు మీద. మా అయ్య పేరు యోహాను, అమ్మ సువార్తమ్మ. ఇద్దరిదీ శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. నన్ను చంకన వేసుకుని ఓడ దిగారు. అయ్య రోడ్డు పనిలో మజ్దూరు. తారు కాచి, కంకర పరిచి వచ్చేవాడు. ఒళ్ళంతా తారు వాసన. అమ్మ కిరసనాయిలు గుడ్డతో ఆయన చేతులు తుడిచాక గాని అన్నం ముందు కూర్చోనిచ్చేది కాదు. మా ఇల్లు కర్ర ఇల్లు. కలప స్తంభాల మీద నిలబెట్టి, పలకలు కొట్టి, పైన రేకులు కప్పింది. వాన పడితే ఆ రేకుల చప్పుడులో మాట వినిపించేది కాదు. అరుచుకునే వాళ్ళం. మే నెలలో మొదలైన వాన క్రిస్మస్‌కు కొంచెం ముందు దాకా ఉండేది గనక, మా ఇంట్లో అందరికీ గొంతులు పెద్దవే. ఇప్పటికీ నేను ఫోనులో మాట్లాడితే మనవరాలు దూరంగా జరుగుతుంది.

ఆ ఇల్లు కట్టింది మా అయ్యే గాని, కింద ఉన్న నేల మాది కాదు. అది బడీ అమ్మది. ఆవిడ అసలు పేరు నేను పెద్దయ్యేదాకా వినలేదు. గట్టు మీద అందరికీ బడీ అమ్మే, అంటే పెద్దమ్మ. వాళ్ళ తాతను ఇంగ్లీషువాళ్ళు ఖైదీగా తెచ్చారట, ఆ సంతతి అంతా ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగింది. హిందీ తప్ప మరో భాష లేదు. భర్త పోయాడు, పిల్లలు లేరు. భర్త తర్వాత ఆ జాగా ఆవిడ పేరు మీదికి వచ్చింది. ఆ జాగాలో పైన ఆవిడ ఇల్లు, దాని చుట్టూ కొబ్బరి చెట్లు. పిలిస్తే పలికేంత దూరంలో కింద మేము. ఈ ఒప్పందం ఎలా కుదిరిందో మా అయ్య ఎన్నిసార్లు చెప్పేవాడో. ఓడ దిగిన కొత్తలో, వానలో నన్ను తలకిందులుగా పట్టుకున్నంత పని చేస్తూ అమ్మ, నెత్తిన ట్రంకు పెట్టెతో అయ్య ఆ గట్టు ఎక్కుతుంటే, ఆవిడ తన వరండాలోంచి కేక వేసిందట. "అరే ఓ తెలుగూ! బచ్చా గోద్ మే హై, బారిష్ మే కహా జాయేగా? ఇధర్ బనా లే ఘర్." చంటిబిడ్డతో వానలో ఎక్కడికి పోతావు, ఇక్కడే ఇల్లు కట్టుకో అని. అయ్యకు అప్పటికి హిందీ సరిగా రాదు, ఇల్లు అన్న మాట మాత్రం అర్థమైంది. కిరాయి ఎంత అని చేతులతో అడిగాడు. ఆవిడ నవ్వి, "కిరాయా క్యా కరూంగీ? ఏక్ టైమ్ కా ఖానా దే దేనా. అకేలీ హూ" అంది. ఒక పూట అన్నం పెట్టండి, ఒంటిదాన్ని అని. అంతే. సాక్షి లేడు, సంతకం లేదు, వానలో ఇద్దరు, వరండాలో ఒకరు.

అప్పటి నుంచి మధ్యాహ్నం అయ్యేసరికి అమ్మ ఒక పళ్ళెంలో అన్నం, ఒక గిన్నెలో పులుసు, పైన అరటాకు మూత పెట్టుకుని పైకి వెళ్ళేది. మాకు ముందు కాదు, ఆవిడకు ముందు. చింతపండు పులుపు ఎక్కువైతే ఆవిడ మొహం చిట్లించేది, రొయ్యపొట్టు వేసిన వంకాయ కూరయితే గిన్నె వేలితో తుడిచేది. జ్వరం వచ్చినా, చర్చిలో ఉపవాస ప్రార్థన రోజైనా అమ్మ పొయ్యి వెలిగించేది. తను తినకపోయినా సరే. "ఇవాళ మనం తినం కదా అమ్మా" అని నేనంటే, "ఉపాసం మనకి గాని ఆవిడకి కాదే" అనేది. అయ్య మాత్రం అప్పుడప్పుడూ బడీ అమ్మను ఒక మాట అడిగేవాడు. రెండు ముక్కలు రాసి ఇస్తే బాగుంటుంది, రేపు మన్నాడు ఎవరికి ఏమవుతుందో అని. ఆవిడ ఎప్పుడూ ఒకటే జవాబు. "హా హా, కల్ కరేంగే." రేపు చేద్దామని. ఆ రేపు ఎప్పటికీ రాలేదు. బద్ధకమనుకున్నాం.

ఒక వానాకాలం మొదట్లో బడీ అమ్మ తడి మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఆవిడ అన్న కొడుకు గోపాల్ భయ్యా బోటు మాట్లాడుకుని వచ్చి, "బువా, బువా" అంటూ మేనత్తను ఎత్తుకుని తీసుకుపోయాడు. బజారులో అతనికి గుడ్డల కొట్టు, వెనకే ఇల్లు. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. మేనత్తను ఆస్పత్రిలో చూపించాడు, ఇంట్లో మంచం వేశాడు, దగ్గర ఉండి చూసుకున్నాడు. ఆవిడను ఎక్కించిన బోటు కదిలాక మా అమ్మ జెట్టీ మీదే నిలబడిపోయింది. ఇంటికి వచ్చాక అయ్యతో, "మరి అన్నం?" అంది.

"అన్నం ఏటే? ఆళ్ళింట్లో పెడతారు కదా."

"ఆళ్ళు పెట్టడం ఆళ్ళ పని. మన మాట ఏటయ్యింది? జాగాకి పూట అన్నం అన్నాం. జాగా మన కిందే ఉంది. అన్నం ఆగిపోతే మాట మనం తప్పినట్టు కాదా?"

అయ్య తల పట్టుకున్నాడు. మరునాటి నుంచి అమ్మ క్యారేజీలో అన్నం సర్ది, చీర చెంగు నడుముకు బిగించి, బోటెక్కి అవతలి ఒడ్డుకు వెళ్ళడం మొదలుపెట్టింది. చాథంలో దిగి, బస్సు దొరికితే బస్సు, లేకపోతే నడక. వానకు తడిసి వెళ్ళి, వానకు తడిసి వచ్చేది. బోటు సరంగు అమ్మను చూసి, "దీదీ, ఆఫీసు డ్యూటీకా?" అని ఎగతాళి చేసేవాడు. "అవునయ్యా, నాకూ పెన్షనుంటాదిలే" అని అమ్మ అనేది. గోపాల్ భయ్యా భార్య మొదట్లో ఆ క్యారేజీ చూసి మొహం ముడుచుకుంది. మా ఇంట్లో అన్నం లేదనుకున్నావా అంది. కాని బడీ అమ్మ ఆ క్యారేజీ మూత తీసిన వాసనకే లేచి కూర్చునేదట. అందుకని ఊరుకుంది.

అలా ఉండగా ఒక ఆదివారం, చర్చి విడిచే వేళకు గోపాల్ భయ్యా మా గట్టెక్కి వచ్చాడు. చేతిలో ఒక పొట్లం, ఒక కాగితం. వరండాలో బల్ల మీద కూర్చుని టీ తాగాడు, నాకు బిస్కెట్లు ఇచ్చాడు. తర్వాత అయ్యతో అన్నాడు: "యోహాన్ భాయ్, బువా ఇప్పట్లో తిరిగి రాలేదు. ఇల్లు ఖాళీ, కొబ్బరికాయలు ఎవరు పడితే వాళ్ళు కోసుకుపోతారు. నువ్వు ఇక్కడే ఉంటావు కదా. మేరా చౌకీదార్ బన్ జావో, కాపలా చూసుకో. జీతం సంగతి తర్వాత చూద్దాం. ఉండడానికి ఇల్లు ఉండనే ఉంది." పొట్లం విప్పితే ఖాకీ కోటు. ఇత్తడి గుండీలు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే మా అయ్య ఏం చేశాడో మీకు అర్థం కాదు. ఈ ద్వీపాల్లో ఆ రోజుల్లో ఇద్దరు మగవాళ్ళు కలిస్తే ఊరూ పేరూ తర్వాత, ముందు అడిగేది రెండే: ఏ డిపార్ట్‌మెంటు, క్వార్టరు ఉందా? క్వార్టరున్నవాడిది ఒక నడక, లేనివాడిది ఒక నడక. పెళ్ళి సంబంధాలు కూడా క్వార్టరు చూసే కుదిరేవి. మా అయ్య రోజు కూలీ మజ్దూరు, ఆయనకు క్వార్టరు రాదు. తన చేత్తో కలప కోసి, తన చేత్తో కట్టుకున్న ఇంట్లో ఉంటూ, ఎదుటి గట్టు మీద సున్నం కొట్టిన సర్కారీ క్వార్టర్ల వంక చూసి నిట్టూర్చేవాడు. సొంత ఇల్లు ఉండడం గొప్పని ఆయనకే కాదు, అక్కడ ఎవరికీ తోచేది కాదు. ఉద్యోగంతో పాటు ఇచ్చినదే ఇల్లు. అలాంటివాడికి కోటు, పేరు, "ఉండడానికి ఇల్లు" అన్న మాట మూడూ కలిపి చేతిలో పెట్టారు. కాగితంలో ఏముందో చదివించుకోలేదు. సంతకం చేయడం వచ్చినవాణ్ణని చూపించుకోవడానికి, పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాడు.

అమ్మ బావి నుంచి వచ్చేసరికి కోటు తొడుక్కుని వరండాలో నిలబడి ఉన్నాడు.

"ఏటయ్యా ఇది? పోస్టుమేనువయ్యావా?"

"చౌకీదార్నే. గోపాల్ బాబు ఇచ్చాడు. ఇల్లు కూడా ఉద్యోగంలోకే."

"ఏ ఇల్లు?"

"ఇదే."

అమ్మ బిందె దించలేదు. నెత్తి మీద నీళ్ళు తొణికి మొహం మీద పడుతుంటే అలాగే నిలబడి, "మన ఇల్లు మనకి ఇవ్వడానికి ఆయనెవడు?" అంది. అయ్య నవ్వి, "నీకు తెలీదులే, ఇది ఆఫీసు యవ్వారం" అన్నాడు. ఆ తర్వాత ఆదివారాలు ఆ కోటు వేసుకునే చర్చికి వచ్చేవాడు. ఉక్కపోతకు మెడ వెనక చెమట కారుతున్నా గుండీ విప్పేవాడు కాదు. ప్రార్థన అయ్యాక పెద్దలు, "ఏం చౌకీదార్ గారూ" అని పలకరిస్తే, అమ్మ పక్కనే, "గుండీలు తోముకోవడానికి బూడిద చాలట్లేదండి ఇంట్లో" అనేది.

ఆ నెలలోనే ఎదుటి క్వార్టర్లలో ఒక మేస్త్రీ హఠాత్తుగా చనిపోయాడు. అరవవాళ్ళు. ఆయన భార్య సెల్వి అక్క మా అమ్మకు బావి దగ్గర స్నేహం. దినం కాగానే ఆఫీసు మనిషి వచ్చి క్వార్టరు ఖాళీ చేయమన్నాడు. తప్పుపట్టడానికి లేదు, అది రూలు, వెనక ఇంకొకరు ఎదురుచూస్తున్నారు. సెల్వి అక్క పొయ్యి, మంచం జెట్టీ దాకా మోయడానికి మా అమ్మ కూడా వెళ్ళింది. సాయంత్రం తిరిగి వచ్చి, అన్నం వడ్డించకుండా గరిటె పట్టుకుని అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. "ఉద్యోగం పోతే క్వార్టరు పోద్ది," అంది అయ్యతో. "రేపు గోపాల్ బాబు నీకు ఉద్యోగం ఒద్దన్నాడనుకో. అప్పుడేటి?"

"ఎందుకొద్దంటాడు?"

"నాను అడిగింది అది కాదు."

గోపాల్ భయ్యాకు అప్పటికే పట్నంలో ఒక సంగతి తెలిసింది, మాకు తెలియదు. ఏ జాగాలో ఎవరు ఉంటున్నారో రాసుకోవడానికి పట్వారీ గట్టుకు రాబోతున్నాడు, ఆయన ఎలా రాస్తే హక్కు అలా. నిజంగానే కొద్దిరోజుల్లో కొలత గొలుసు మోసే ఇద్దరు మనుషులతో పట్వారీ వచ్చాడు. గోపాల్ భయ్యా కూడా అదే బోటులో దిగాడు. మా గుమ్మం ముందు గొలుసు లాగి, పట్వారీ, "ఇక్కడ ఎవరున్నారు?" అని హిందీలో అడిగాడు. గోపాల్ భయ్యా ముందుకొచ్చి, "జాగా మా బువాది, నేను చూసుకుంటున్నాను. ఇతను నా చౌకీదార్. పూఛ్ లీజియే" అన్నాడు. పట్వారీ అయ్య వైపు తిరిగి, "క్యో జీ, చౌకీదార్ హో?" అన్నాడు. మా అయ్య కోటు పై గుండీ పెట్టుకుని, కాళ్ళు దగ్గరకు చేర్చి నిలబడి, "హా సాబ్" అన్నాడు. గర్వంగానే అన్నాడు. పట్వారీ రాసుకున్నాడు. లోపల గుమ్మంలో అమ్మ చేతిలోంచి గరిటె కింద పడింది.

పట్వారీ వెళ్ళాక గోపాల్ భయ్యా ఆగి, మెల్లగానే చెప్పాడు. క్రిస్మస్ దాటాక ఈ కింది భాగంలో గోడౌన్ కట్టాలనుకుంటున్నాడట. మేము వేరే చోటు చూసుకోవాలట. తొందరేమీ లేదట. "ఇల్లు నాది కదా భయ్యా, నేను కట్టింది" అని అయ్య అంటే, "యోహాన్ భాయ్, కాగితంలో చౌకీదారుకు ఇచ్చిన ఇల్లని ఉంది. నువ్వే కదా సంతకం పెట్టావు" అన్నాడు. అయ్య ఆ పూట కోటు విప్పి వంకీకి తగిలించాడు. దాని వంక చూడలేడు, పారేయలేడు. గాలికి ఆ కోటు ఊగితే ఉలిక్కిపడేవాడు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం, ఎందుకంటే గడిచినట్టే లేవు. అయ్య పని నుంచి వచ్చి కూర్చునేవాడు కాదు. జెట్టీకి దిగేవాడు, ఎక్కేవాడు, ఇంటి స్తంభాలను ఒక్కొక్కటే చేత్తో తట్టి చూసేవాడు. అమ్మ పప్పు కడిగిన నీళ్ళు మళ్ళీ పప్పులోనే పోసేది. వానలో ఏ మనిషి గట్టెక్కినా ముగ్గురం తలుపు దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి, తహసీల్దారుకు ఒక అర్జీ రాసిపెట్టారు. "కాగితం మీద సంతకం నీదే యోహానూ, అది కాదనడానికి లేదు. కాని జాగా ఇంకా ఆ పెద్దావిడ పేరు మీదే ఉంది. ఆవిడ నోటి మాట కావాలి" అన్నారు.

ఆవిడ నోటి మాట అడగవలసింది అమ్మే. అందరికీ తెలుసు. రోజూ ఆవిడ మంచం దగ్గర కూర్చునేది అమ్మ ఒక్కతే. కాని అమ్మ అడగలేకపోయింది. వెళ్ళేటప్పుడు బోటులో ఆ మాటలు హిందీలో కూడబలుక్కునేది, పెదాలు కదిలేవి. తిరిగొచ్చాక అయ్య గుమ్మంలోనే, "అడిగావా?" అనేవాడు. "ఆ కోడలు కదల్లేదు మంచం కాడినుంచి" అనేది ఒకరోజు. "ఆవిడకి నొప్పెక్కువగా ఉంది" అనేది ఇంకొకరోజు. ఒకసారి నాతో మాత్రం, "అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటా ఉంటే ఎలగ అడగనే? పెట్టిందానికి లెక్క అడిగినట్టు ఉండదా?" అంది. ఆ రోజు అమ్మ మీద నాకు కోపం వచ్చింది. ఇల్లు పోతుంటే మొహమాటం ఏమిటని. ఇప్పుడు నా వయసు అమ్మ ఆనాటి వయసుకు రెట్టింపు పైన ఉంది, ఆ ముద్ద మాట బాగానే తెలుస్తోంది.

చివరికి తహసీల్దారే అర్జీ చూసి, ఆ ముసలావిడ కదల్లేదు గనక తనే వచ్చి వింటానన్నాడు. గోపాల్ భయ్యా ఇంటి వెనక గదిలో మంచం చుట్టూ అందరం చేరాం. తహసీల్దారుకు ఒక కుర్చీ, గుమాస్తాకు ఒక పీట. అయ్య కోటు మడిచి చంకలో పెట్టుకుని వచ్చాడు. అమ్మ ఎప్పటిలాగే క్యారేజీతో వచ్చి, మూల నిలబడింది. బడీ అమ్మ బక్కచిక్కి, దిండుకు ఆనుకుని, అందరి వంకా చూసి, "ఇత్నీ భీడ్? మై మర్ గయీ క్యా?" అంది. నేను చచ్చిపోయానా ఏమిటి ఇంతమంది వచ్చారని. గుమాస్తా నవ్వు ఆపుకున్నాడు.

తహసీల్దారు మంచివాడిలాగే అడిగాడు. "మాజీ, ఈయన ఎవరు? మీ జాగాలో చౌకీదారా?"

"కౌన్ చౌకీదార్? యోహాన్ హై."

గోపాల్ భయ్యా, "సాబ్, ఈవిడకు మతి నిలకడగా ఉండదు. కాగితం ఉంది, అతని సంతకం ఉంది" అన్నాడు. తహసీల్దారు అయ్యను చూశాడు. అయ్య కోటు తీసి మంచం అంచు మీద పెట్టి, "సంతకం నాదే సాబ్. ఉద్యోగం అనుకున్నాను. ఇల్లు పోద్దని అనుకోలేదు" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో మెడ నరాలు చూస్తే తెలిసింది. ఇన్నాళ్ళూ చర్చిలో ఎవరు చౌకీదార్ గారూ అన్నా తలెత్తుకు నిలబడ్డవాడు ఆయన.

"మాజీ," తహసీల్దారు మళ్ళీ అడిగాడు, "ఆ కింది జాగా మీరు వీళ్ళకు ఇచ్చారా, ఊరికే ఉండనిచ్చారా? కిరాయి తీసుకున్నారా?"

బడీ అమ్మ పెదాలు చప్పరించింది. తర్వాత మూలనున్న అమ్మ వైపు గడ్డం ఎత్తి, "ఇస్‌నే ఖిలాయా. మైనే ఖాయా. జగహ్ ఉన్‌కీ హై" అంది. ఆమె పెట్టింది, నేను తిన్నాను, జాగా వాళ్ళది. గోపాల్ భయ్యా ఏదో అనబోతే, అతని చెయ్యి పట్టుకుని, "తూ భీ మేరా హై. ఊపర్ కా బగీచా తేరా. నీచే ఇన్‌కా. బస్" అంది. పైన కొబ్బరితోట నీది, కింద వీళ్ళది, ఇక చాలని. గోపాల్ భయ్యా తల దించుకుని, కాసేపటికి, "ఠీక్ హై బువా" అన్నాడు. తనను కూడా నావాడివే అన్నందుకేమో, కళ్ళు తుడుచుకున్నాడు.

గుమాస్తా రాశాడు, చదివి వినిపించాడు, ఆవిడ బొటనవేలికి సిరా పూశాడు. వేలు కాగితం మీద ఆనించబోతూ బడీ అమ్మ ఆగింది. ఆగి, మా అమ్మనే చూస్తూ, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది: "లిఖ్ దియా తో కల్ సే నహీ ఆయేగీ న?"

రాసిచ్చేస్తే రేపటి నుంచి రావు కదా, అని. అయ్య అడిగినప్పుడల్లా "కల్ కరేంగే" అన్నది ఎందుకో అప్పుడు మాకు తెలిసింది. జాగా రాయకుండా ఉన్నంత కాలం మధ్యాహ్నం ఒక మనిషి వస్తుంది. అదీ ఆవిడ లెక్క. మేము ఇల్లు పోతుందని భయపడుతున్నట్టే, ఆవిడ కూడా ఇన్నేళ్ళుగా భయపడుతూనే ఉంది. అమ్మ ఎర్రబడిన మొహంతో క్యారేజీ మంచం పక్కన పెట్టి, బయటికి వెళ్ళిపోయింది. బడీ అమ్మ వేలిముద్ర వేసింది.

తిరుగు బోటులో అయ్య ఆ కాగితం నకలు అంగీ లోపల పెట్టుకుని, తడవకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మ పక్కకు తిరిగి నీళ్ళు చూస్తోంది. "నాను జాగా కోసరం వండినాననుకుంది. ఇన్నేళ్ళూ," అంది.

మరునాడు అమ్మ వెళ్ళలేదు. పొద్దున్నే బట్టలన్నీ ఉతికింది, ఉతకనక్కర్లేనివి కూడా. బోటు కూత వినిపించినప్పుడల్లా చెయ్యి ఆగేది, మళ్ళీ బండ మీద కొట్టేది. మధ్యాహ్నం దాటింది. నాకూ అయ్యకూ అన్నం పెట్టి తను కూర్చుంది, ముద్ద కలిపింది, కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలేసి లేచింది. ఇల్లు మాదయిన మొదటి రోజు అది, సంతోషంగా ఉండవలసిన రోజు. ఎన్నో ఏళ్ళ తర్వాత, అప్పటికి బడీ అమ్మ లేదు, గోపాల్ భయ్యా మాకు పెద్ద కొడుకులా మెలుగుతున్నాడు, నేను అమ్మను అడిగాను: నిజం చెప్పు, జాగా కోసమే వండావా? అమ్మ చేటలో బియ్యం ఏరుతూ, "కొన్నాళ్ళు జాగా కోసరం, కొన్నాళ్ళు ఆవిడ కోసరం. బోటులో ఉన్నప్పుడు ఏది ఏదో నాకే తెలిసేది కాదు" అంది. ఇప్పుడు ఈ ద్వీపంలో అందరికీ కాగితాలు ఉన్నాయి. మంచిదే, ఉండాలి. మా అయ్యలా చదవకుండా సంతకం పెట్టేవాడు ఇప్పుడు లేడు, ఎవడి ఇల్లు వాడికి భద్రం. కాని మధ్యాహ్నం పూట ఏ ఇంటి తలుపు చూసినా వేసే ఉంటుంది. ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో అడగడానికి ఎవరికీ పని పడదు.

ఆ రోజు పొద్దు వాలుతుండగా అమ్మ ఉన్నట్టుండి లేచింది. మిగిలిన చల్లన్నమే క్యారేజీలో పెట్టి, పులుసు వెచ్చబెట్టి పోసి, నన్ను రమ్మని కూడా అనకుండా గట్టు దిగింది. నేను వెనక పరిగెత్తాను. మేము వెళ్ళేసరికి గోపాల్ భయ్యా భార్య గుమ్మంలోనే ఎదురొచ్చి, "పొద్దున్నించి రొట్టె ముట్టలేదమ్మా, గోడ వైపు తిరిగి పడుకుంది" అంది. అమ్మ లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చుని క్యారేజీ మూత తీసింది. బడీ అమ్మ మెల్లగా ఇటు తిరిగింది. అమ్మ మొహం వంక చూడలేదు, అన్నం వంక చూసింది. రెండు ముద్దలు తిని, మొహం చిట్లించి, "నమక్ కమ్ హై" అంది. ఉప్పు తక్కువట.

"రేపు వేస్తాలే," అంది అమ్మ.